కారు నాన్న పేరు మీద ఉంటే బీమా తగ్గుతుందా? భిలాయ్ కుర్రాళ్లు తెలుసుకోవాల్సిన లెక్క

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన తండ్రి. రాయ్‌పూర్‌లోనో పుణెలోనో కొత్తగా ఉద్యోగంలో చేరిన కొడుకు. ఇంటికి మొదటి కారు కొంటున్నారు. డౌన్ పేమెంట్ తండ్రిది, ఈఎంఐ కొడుకుది. కాగితాల మీద సంతకం ఎవరు పెట్టాలి అన్న దగ్గర బంధువుల్లో ఒకరు తప్పకుండా ఓ మాట అంటారు: "బండి నాన్న పేరు మీద పెట్టండి. కుర్రాడి పేరు మీదైతే ఇన్సూరెన్స్ ఎక్కువ పడుతుంది."

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు కారు కొంటున్నది రెండో తరం, మూడో తరం. తాతలు, తండ్రులు చాలామంది సైకిల్ మీదే డ్యూటీకి వెళ్లి వచ్చారు. కారు బీమా గురించి ఇంట్లో పెద్దలకు అనుభవం తక్కువ. అందుకే చుట్టాల మాట, షోరూమ్‌లో చెప్పిన మాట, యూట్యూబ్‌లో చూసిన మాట కలిసి నిర్ణయం అయిపోతోంది.

ఆ సలహాలో నిజం కొంతే ఉంది. పైగా, ఉన్న ఆ కాస్త నిజానికీ తండ్రి వయసుకీ సంబంధం లేదు. ఆ సలహా పాటిస్తే పోయేది మాత్రం డబ్బు ఒక్కటే కాదు.

ప్రీమియం ఎలా తయారవుతుంది?

కారు బీమా బిల్లులో రెండు పెద్ద ముక్కలుంటాయి. మొదటిది థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి ఇది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. దొరికితే మొదటిసారి 2,000 రూపాయలు, రెండోసారి 4,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకూ జైలు కూడా పడొచ్చు.

ఈ ముక్క ధర కంపెనీ చేతిలో లేదు. ఐఆర్‌డీఏఐని సంప్రదించి కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం ప్రైవేటు కారుకు ఏడాదికి 1000 సీసీ వరకు 2,094 రూపాయలు, 1000 దాటి 1500 సీసీ వరకు 3,416 రూపాయలు, ఆపైన 7,897 రూపాయలు. ఈ పట్టికలో వయసు అన్న గడే లేదు. ఇరవై ఏళ్ల అమ్మాయి కొన్నా, అరవై ఏళ్ల తాత కొన్నా అదే ధర.

రెండోది ఓన్ డ్యామేజ్. అంటే మన బండికే జరిగే నష్టం, దొంగతనం. దీని ధర నిర్ణయించుకునే స్వేచ్ఛ 2007 జనవరి 1 నుంచి కంపెనీలకు ఉంది. అయినా లెక్కకు పునాది ఇప్పటికీ 2002 నాటి ఇండియా మోటార్ టారిఫే. అది చూసేది నాలుగు విషయాలు: బండి ప్రస్తుత విలువ (దీన్నే ఐడీవీ అంటారు), ఇంజిన్ సైజు, బండి వయసు, రిజిస్ట్రేషన్ అయిన ఊరు. వయసు అంటే ఇక్కడ బండిదే, నడిపేవారిది కాదు.

ఊరి విషయంలో భిలాయ్‌వారికి చిన్న లాభం ఉంది. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబయి, దిల్లీ, కోల్‌కతా, పుణె, అహ్మదాబాద్ 'ఏ' జోన్. మిగతా దేశమంతా 'బీ' జోన్. దుర్గ్ రవాణా కార్యాలయం ఇచ్చే సీజీ-07 నంబరు బండి 'బీ' కిందకు వస్తుంది. ఐదేళ్లు దాటని 1200 సీసీ కారుకు టారిఫ్ రేటు హైదరాబాద్‌లో ఐడీవీ మీద 3.283 శాతమైతే, భిలాయ్‌లో 3.191 శాతం. ఐదు లక్షల కారు మీద తేడా 460 రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు.

రెండు ముక్కల మీదా 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాలకు జీఎస్టీ ఎత్తేశారు కదా, కారుకూ పోయిందనుకునేవారు ఉన్నారు. పోలేదు.

ఓన్ డ్యామేజ్ ధరలో స్వేచ్ఛ ఉంది కాబట్టి ఏదైనా కంపెనీ తన సొంత లెక్కలో యజమాని వయసును చూస్తే చూడొచ్చు. అందుకే ఒకే బండికి ఇద్దరి పేర్లతో, మూడు నాలుగు కంపెనీల దగ్గర కొటేషన్ తీసుకోవడం మంచిది. తేడా వస్తే కంటికే కనిపిస్తుంది. కంపెనీకీ కంపెనీకీ ఉండే తేడాయే చాలాసార్లు పెద్దది.

మరి ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

విదేశాల నుంచి. అమెరికా, బ్రిటన్, కెనడాలలో చదువుకుంటున్న మన పిల్లలున్న ఇళ్లలో ఇది తెలిసిన విషయమే. అక్కడ 25 ఏళ్లలోపువారికి ప్రీమియం నిజంగానే భారీగా ఉంటుంది. అందుకే అక్కడి సలహాలు వేరు: తల్లిదండ్రుల పాలసీలో చేరడం, మంచి మార్కులుంటే ఇచ్చే డిస్కౌంట్ అడగడం, నడిపే తీరును నమోదు చేసే పరికరం కారులో పెట్టించుకోవడం. అమెరికాలోనే హవాయి రాష్ట్రం వయసును బట్టి ధర పెట్టడాన్ని నిషేధించింది. మసాచుసెట్స్‌లో వయసు బదులు డ్రైవింగ్ అనుభవం ఎన్నేళ్లన్నది చూస్తారు. ఇక బ్రిటన్‌లో, రోజూ నడిపేది కొడుకైనా ప్రధాన డ్రైవర్‌గా తండ్రి పేరు రాయిస్తే దాన్ని మోసంగానే చూస్తారు.

ఆ దేశాల్లో పాలసీ డ్రైవర్ చుట్టూ తిరుగుతుంది. మన దేశంలో బండి చుట్టూ తిరుగుతుంది. యజమాని అనుమతితో, సరైన లైసెన్సుతో ఎవరు నడిపినా మన పాలసీ వర్తిస్తుంది. లెర్నర్స్ లైసెన్సు ఉన్నవారు కూడా నిబంధనల ప్రకారం, అంటే పక్కన లైసెన్సున్న వ్యక్తి కూర్చుని, 'ఎల్' బోర్డు పెట్టుకుని నడిపితే కవర్ ఉంటుంది. అక్కడి చిట్కాలను ఇక్కడి బండికి తగిలిస్తే తగ్గేదేమీ ఉండదు.

నాన్న పేరు వల్ల పోయేదేంటి?

ప్రతి కారు పాలసీలోనూ 'ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్' అని ఒక గీత ఉంటుంది. ప్రమాదంలో యజమాని చనిపోతే, శాశ్వతంగా పూర్తి వికలాంగులైతే 15 లక్షల రూపాయలు. ఇది తప్పనిసరి. అయితే పాలసీ భాషలో ఓనర్-డ్రైవర్ అంటే పాలసీలో పేరున్న, లైసెన్సు ఉన్న రిజిస్టర్డ్ యజమాని మాత్రమే.

ఇప్పుడు పైన చెప్పిన కుటుంబాన్నే తీసుకోండి. బండి తండ్రి పేరు మీద ఉంది. జీఈ రోడ్డు మీద రోజూ రాయ్‌పూర్ వెళ్లి వచ్చేది కొడుకు. ఆ 15 లక్షల కవర్ ఇంట్లో కూర్చున్న తండ్రికి ఉంది, స్టీరింగ్ వెనక ఉన్న కొడుకుకు లేదు.

ఎదుటి బండిది తప్పైతే దాని బీమా కంపెనీ నుంచి పరిహారం అడగొచ్చు. కొడుకుదే తప్పైతే? బండి డివైడర్‌ను గుద్దుకుంటే? 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు, బండిని యజమాని దగ్గర అడిగి తీసుకుని నడిపే వ్యక్తి యజమాని స్థానంలోకే వస్తాడని, తన బండి బీమా మీద తానే 'మూడో వ్యక్తి'గా పరిహారం కోరలేడని చెప్పింది. కర్ణాటకలో 2014లో జరిగిన ఒక ప్రమాదం విషయంలోనూ, సొంత నిర్లక్ష్యంతో మరణించిన డ్రైవర్ కుటుంబానికి పరిహారం నిరాకరించిన హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోవడానికి 2025 జులై 2న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ కారు కూడా నడిపిన వ్యక్తిది కాదు.

సంపాదించే వయసులో ఉన్న పిల్లాడికి కవర్ లేకుండా పోవడం, దాన్ని 'ఆదా' అనుకోవడం, ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపించేది ఇదే.

ఇంకో తమాషా కూడా ఉంది. జీవితమంతా సైకిల్, స్కూటర్‌తో గడిపిన తండ్రికి అసలు కారు లైసెన్సే ఉండకపోవచ్చు. టారిఫ్ నిబంధన ప్రకారం సరైన లైసెన్సు లేని యజమానికి ఈ కవర్ ఇవ్వకూడదు, దాని ప్రీమియం వసూలు చేయకూడదు. అది చూసుకోకుండా ఏటా కట్టేస్తే ఆ డబ్బు తండ్రికీ పనికిరాదు, కొడుకుకీ పనికిరాదు. మీ పాలసీ కాగితం తీసి ఆ గీత ఒకసారి చూడండి.

బండి తండ్రి పేరు మీదే ఉండాల్సి వస్తే, నడిపేవారు విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోవడం దారి. దీని ఖర్చు ఎక్కువేమీ కాదు. 2018లో ఓనర్-డ్రైవర్‌కు 15 లక్షల కవర్‌ను తప్పనిసరి చేసినప్పుడు ఐఆర్‌డీఏఐ పెట్టిన ధర ఏడాదికి 750 రూపాయలు, ఆ తర్వాత ధరను కంపెనీలకే వదిలేసింది. ఒకరికి రెండు బండ్లున్నా ఈ కవర్ ఒక్కటి చాలు. ఇప్పటికే కనీసం 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంటే అది చూపించి రెండో బండి పాలసీలో ఈ ముక్క తీసేయించవచ్చు. ఇదొక నిజమైన ఆదా.

అసలు తగ్గింపు ఎక్కడుంది?

నో క్లెయిమ్ బోనస్‌లో. ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే మరుసటి ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది. రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం. ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా.

ఈ బోనస్ బండిది కాదు, మనిషిది. పాత కారు అమ్మినా బోనస్ మీ దగ్గరే ఉంటుంది. కంపెనీ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకు వాడుకోవచ్చు. బంధువుల సలహాలో ఉన్న ఆ కాస్త నిజం ఇదే: తండ్రికి అంతకుముందు కారుండి, 50 శాతం బోనస్ కూడబెట్టి ఉంటే, కొత్త కారు ఆయన పేరు మీద కొన్నప్పుడు ప్రీమియం నిజంగా తగ్గుతుంది. ఇంట్లో ఇదే మొదటి కారైతే ఆ లాభమూ లేదు. స్కూటర్ మీద వచ్చిన బోనస్ కారుకు పనికిరాదు, ఒకే తరగతి వాహనానికే అది వర్తిస్తుంది.

ఇరవై మూడేళ్లకే సొంత పేరు మీద మొదలుపెట్టినవారికి ఇరవై ఎనిమిదికల్లా 50 శాతం బోనస్ చేతిలో ఉంటుంది. తండ్రి పేరు మీద నడిపినవారు తమ మొదటి సొంత కారు కొన్నప్పుడు సున్నా దగ్గర మొదలవుతారు. బతికున్న తండ్రి కొడుక్కి కారు బదిలీ చేస్తే బోనస్ దాంతో పాటు రాదు. యజమాని మరణిస్తే మాత్రం, ఆ బండి భార్య లేదా భర్తకు, పిల్లలకు, తల్లిదండ్రులకు దక్కితే బోనస్ కూడా వారికే వెళ్తుంది. ఈ సంగతి తెలియక వదులుకుంటున్న కుటుంబాలు ఉన్నాయి.

చిన్న గీతకు క్లెయిమ్ చేయాలా?

దీనికి లెక్క వేసి చూడాలి. ఐదు లక్షల ఐడీవీ, 1200 సీసీ కారు అనుకుందాం. భిలాయ్ టారిఫ్ ప్రకారం ఓన్ డ్యామేజ్ 15,955 రూపాయలు. కంపెనీ అందులో సగం తగ్గించి ఇచ్చిందనుకుంటే సుమారు 8,000. బోనస్ తగ్గేది ఈ 8,000 మీద.

మీరు ఐదో ఏడాదిలో ఉన్నారు, 45 శాతం బోనస్ ఉంది. ఇప్పుడు క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది రావాల్సిన 50 శాతం పోయి సున్నా అవుతుంది. అంటే 4,000 నష్టం. ఆ తర్వాతి ఏడాది 50 బదులు 20, అంటే 2,400. తర్వాత 2,000, ఆపైన 1,200, చివరగా 400. మొత్తం 10,000. జీఎస్టీ కలిపితే 11,800. ఐడీవీ ఏటా తగ్గుతుంది కనుక అసలు నష్టం దీనికన్నా కొంత తక్కువే ఉంటుంది, కానీ దిశ మారదు.

అదే రెండో ఏడాదిలో, 20 శాతం బోనస్ ఉన్నప్పుడు క్లెయిమ్ చేస్తే ఇదే పద్ధతిలో పోయేది 6,400, జీఎస్టీతో 7,552.

ఇక క్లెయిమ్‌లో వచ్చేదెంత? 1500 సీసీ వరకు కార్లకు ప్రతి క్లెయిమ్‌లో మొదటి 1,000 రూపాయలు మీరే భరించాలి. ఆపైన సీసీ ఉంటే 2,000. ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగమే ఇస్తారు, జీరో డెప్ కవర్ ఉంటే తప్ప. సివిక్ సెంటర్ పార్కింగ్‌లో బంపర్ పగిలి 7,000 బిల్లు వస్తే, చేతికి వచ్చేది రెండు, మూడు వేలు. దాని కోసం ఏడెనిమిది వేలు వదులుకుంటారు. గ్యారేజీవాళ్లు "క్లెయిమ్ పెట్టేయండి" అంటారు, బోనస్ వాళ్లది కాదు కదా.

బోనస్ ఎగిరిపోవడానికి ఇంకో దారి, పాలసీ గడువు దాటిపోవడం. 90 రోజులకు మించి రెన్యువల్ చేయకపోతే కూడబెట్టిందంతా పోతుంది. కారు భిలాయ్‌లో వదిలి బెంగళూరు ఉద్యోగానికి వెళ్లినవారికి జరిగేది ఎక్కువగా ఇదే.

తగ్గించుకునే మిగతా దారులు

మొదటిది షోరూమ్‌లోనే. డీలర్ చూపించిన పాలసీయే తీసుకోవాలన్న నిబంధన లేదు. కొత్త కారుకు 2018 సెప్టెంబరు నుంచి మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. 1000-1500 సీసీ కారుకు అది 10,640 రూపాయలు. ఓన్ డ్యామేజ్ మాత్రం ఏడాదికోసారి తీసుకోవచ్చు, వేరే కంపెనీ దగ్గరైనా సరే. రెండో ఏడాది నుంచి బేరం మీ చేతిలోనే ఉంటుంది.

ఇంజిన్ ఎంపికలోనే సగం లెక్క తేలిపోతుంది. 998 సీసీ, 1197 సీసీ కార్లకు థర్డ్ పార్టీలో ఏటా 1,322 రూపాయల తేడా. 1500 దాటితే రెట్టింపుకు పైగా పెరుగుతుంది. బైకులకూ అంతే: 150 సీసీ వరకు 714 రూపాయలైతే 350 దాటిన బండికి 2,804. ఎలక్ట్రిక్ కార్లకు 30 కిలోవాట్ల వరకు 1,780, 65 వరకు 2,904 రూపాయలు.

తక్కువ తిరిగేవారికి 'పే యాజ్ యూ డ్రైవ్' ఉంది. 2022 జులైలో ఐఆర్‌డీఏఐ దీనికి అనుమతిచ్చింది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని ముందే చెప్పి తక్కువ కడతారు. సెక్టార్లలో, సెంట్రల్ అవెన్యూ మీద, మహా అయితే సుపేలా దాకా తిరిగే బండికి ఇది సరిపోతుంది. కానీ సంక్రాంతికి జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు మీదుగా విజయనగరం వెళ్లి వస్తే ఒక్క ప్రయాణానికే వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. ఊరి ప్రయాణాలు కలుపుకొని లెక్క వేసుకున్నాకే స్లాబు ఎంచుకోండి.

సొంతంగా ఎక్కువ భరిస్తామని ఒప్పుకుంటే ఇచ్చే డిస్కౌంట్ నాకు పెద్దగా నచ్చదు. టారిఫ్‌లో 15,000 రూపాయల వరకు మీరే భరిస్తామంటే 35 శాతం తగ్గింపు అని ఉంటుంది, కానీ దానికి గరిష్ఠ పరిమితి 2,500 రూపాయలు. ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి ఒక్కసారి 15,000 కట్టాల్సి రావడం చిన్న విషయం కాదు.

అసలు ముట్టుకోకూడనివి రెండు. ఐడీవీ తగ్గించి రాయించడం ఒకటి: ప్రీమియం కొన్ని వందలు తగ్గుతుంది, బండి పోతే లక్షలు తగ్గుతాయి. ఎదుటివారి ఆస్తి నష్టం కవర్‌ను ఏడున్నర లక్షల నుంచి 6,000 రూపాయలకు కుదించడం రెండోది. దానికి ఇచ్చే తగ్గింపు 100 రూపాయలు. నూరు రూపాయల కోసం ఎవరిదో షోరూమ్ అద్దాలకు మన జేబులోంచి కట్టే పరిస్థితి తెచ్చుకోనక్కర్లేదు.

యాడ్-ఆన్‌లలో కొత్త కారుకు, కొత్త చేతికి జీరో డెప్ ఉండటం మంచిదే. తాళం చెవి పోతే ఇచ్చేది, సామాను పోతే ఇచ్చేది లాంటివి తీసేయమని అడగండి. ఆల్కహాల్ టెస్టులో దొరికినా, లైసెన్సు లేకపోయినా ఏ యాడ్-ఆన్ కాపాడదు. బయట పెట్టించిన సీఎన్‌జీ కిట్ పాలసీలో రాయించకపోయినా క్లెయిమ్ దగ్గర చిక్కే.

సెకండ్ హ్యాండ్ కొంటే?

అమ్మినవారి బోనస్ మీకు రాదు. ఆ తేడా కట్టి పాలసీని మీ పేరు మీదకు మార్చుకోవాలి. చట్టం ప్రకారం యాజమాన్యం మారిన 14 రోజుల్లోపు బీమా కంపెనీకి దరఖాస్తు చేయాలి. థర్డ్ పార్టీ కవర్ దానంతట అదే కొత్త యజమానికి వస్తుంది, ఓన్ డ్యామేజ్ విషయంలో అంత ధీమా పనికిరాదు. ఆర్సీ మారింది కదా అని ఊరుకుంటే, ఈలోగా బండి గుద్దుకున్నప్పుడు పాలసీలో ఒక పేరు, ఆర్సీలో ఇంకో పేరు ఉంటాయి.

పద్దెనిమిది నిండని పిల్లలకు తాళాలిచ్చే తల్లిదండ్రులకు బీమా లెక్కే వేరు. 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం సంరక్షకుడికి లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలితే, బాధితుడికి ముందు పరిహారం చెల్లించమని బీమా కంపెనీని కోర్టు ఆదేశించినా, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఇవ్వొచ్చు. ఆ యజమాని, చాలా ఇళ్లలో, రిటైర్మెంట్ డబ్బుతో బండి కొన్న తండ్రే.